గొఱ్ఱెల నీలినాలుక రోగము: జీవముల వంశము, వైరసు వంశము

(రైతుల సభకై సిద్ధపఱుపబడిన ఉపన్యాస పాఠము)

చెఱువులు నిండి, వరిమళ్లలో నీరు నిలిచియుండు దినములలో గొఱ్ఱెలమందకు మూతివాపు తగులుట తెలుగు ప్రాంతములందలి రైతులకు క్రొత్త సంగతి కాదు. ఆ రోగము ప్రవేశించిన మందలో కొన్ని జీవములు రెండు దినములు మేత మాని తిరిగి కోలుకొనును. కొన్ని నోటిపుండ్లతోను, కుంటుతోను నెలదినములు బాధపడును. కొన్ని వారము తిరుగక మునుపే చచ్చును. మేత యొక్కటే, నీరొక్కటే, కాపరి యొక్కడే. అట్లుండగా ఈ భేదమేల కలిగెను? ప్రక్క గ్రామమున అదే కాలమందు ఒక్క జీవమునకైనను జ్వరము రాకుండుటేల? ఒక సంవత్సరము రోగమునుండి లేచిన గొఱ్ఱె మఱుసటి సంవత్సరము మరల పడుటేల?

కొందఱు దీనిని గ్రహచారమందురు. కొందఱు కాపరి అశ్రద్ధ యందురు. మేత, నీరు, ఎండ, వాన అనువానికి ఇందు పాత్ర లేకపోలేదు. కాని కంటికి కానరాని కారణములు రెండు గలవు. ఒకటి గొఱ్ఱె తన తల్లిదండ్రులనుండి తెచ్చుకొనిన వంశలక్షణము. రెండవది రోగమును కలిగించు వైరసు యొక్క వంశలక్షణము. ఈ రెండును ఎదురెదురుగా నిలిచినపుడు ఏది ఏ మేరకు గెలుచునో దానినిబట్టియే మందకు కలుగు నష్టముండును. ఈ సంగతి నెఱిగిన రైతు పొట్టేలును కొనుటయందును, టీకా వేయించుటయందును, మందను కట్టు చోటునందును కొన్ని పొరపాట్లు తప్పించుకొనగలడు.

ఇది స్వల్పవిషయము కాదు. 2019వ సంవత్సరపు పశుగణనము ప్రకారము తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలును, ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలును ఉండెను. భారతదేశమందలి గొఱ్ఱెలలో దాదాపు సగము ఈ రెండు రాష్ట్రములలోనే యుండెనన్నమాట. సొంత మంద గల రైతునకే కాదు, పొలమున మంద కట్టించుకొని ఎరువు పొందు రైతునకును గొఱ్ఱెల క్షేమము తన పంట క్షేమమే.

రోగ లక్షణములు

మొదట జ్వరము వచ్చును. సాధారణముగ 102 లేక 103 డిగ్రీలుండు వేడిమి 105, 106 డిగ్రీలవఱకు పోవును. ముక్కునుండి మొదట నీరువలె, పిమ్మట చిక్కగా చీమిడి కారి, ముక్కుపుటములచుట్టు ఎండి పొక్కుగట్టును. పెదవులు, మూతి, చెవులు, దవడలక్రింది భాగము వాచును. పెదవుల లోపలను, చిగుళ్లమీదను, నాలుక అంచులను పుండ్లు పడును. కొన్నింటికి మాత్రమే నాలుక వాచి నీలిరంగు తిరుగును. రోగమునకు నీలినాలుక యను పేరు అందువలన వచ్చినదే గాని, నాలుక నీలముగా లేనంతమాత్రమున రోగము కాదని తలచరాదు. గిట్టలపై చర్మము చేరుచోట ఎఱ్ఱని పట్టీ కనబడును. ఆ నొప్పిచే గొఱ్ఱె మోకాళ్లపై నడచును, లేక కదలక నిలుచును. చూడిగొఱ్ఱెలు ఈచుకొనిపోవచ్చును. కోలుకొనిన వానికి కొన్ని వారముల తరువాత ఉన్ని ఊడిపోవును. చచ్చునవి తఱచుగా ఊపిరితిత్తులు చెడుటచేతను, మేత తినలేక నీరసించుటచేతను చచ్చును.

ఈ రోగమును మఱి మూడింటితో పొరపడుట కలదు. పారుడురోగమున నోటిపుండ్లతో పాటు విరేచనములు ముఖ్యలక్షణము. మేకలకును తీవ్రముగ వచ్చును. బొబ్బరోగమున తొడలలోపల, తోకక్రింద, పొదుగుమీద గట్టి బొబ్బలు లేచును. గాలికుంటున పశువులు, ఎద్దులు కూడ ఏకకాలమున కుంటును. నీలినాలుకయందు గొఱ్ఱెలు బాధపడుచుండగా ప్రక్క కొట్టములోని ఆవులు, గేదెలు సాధారణముగ ఆరోగ్యముగనే కనబడును. వాని రక్తమున మాత్రము వైరసు ఉండవచ్చును.

వైరసు నిర్మాణము

వైరసు సాధారణ సూక్ష్మదర్శినికి సైతము కానరానంత చిన్నది. దానికి తినుట, పెరుగుట లేదు. జీవముయొక్క కణములలో దూరి, ఆ కణముల పనిముట్లతోనే తన నకళ్లను తయారు చేయించుకొనును. ఎట్టి నకళ్లు తయారు కావలెనో తెలుపు వ్రాత దాని లోపల నుండును. నీలినాలుక వైరసునందు ఈ వ్రాత ఒకే చుట్టగా నుండక పది వేఱువేఱు ముక్కలుగా నుండును. రైతు గ్రహింపవలసిన విశేషము లన్నియు ఈ పది ముక్కలను ఆశ్రయించియున్నవి.

మొదటి విశేషము. ఈ పదింటిలో రెండవ ముక్క వైరసు పైపొరలోని ముఖ్యపదార్థమును నిర్ణయించును. గొఱ్ఱె శరీరము వైరసును గుర్తుపట్టునది ఆ పైపొరను బట్టియే. పైపొర మాఱినచో శరీరము దానిని పూర్వపు శత్రువుగా గుర్తింపజాలదు. ఈ భేదమును బట్టి నీలినాలుక వైరసునకు చాలకాలము 24 రకములు లెక్కింపబడినవి. 2008 తరువాత స్విట్జర్లాండు మొదలగు దేశములలో మఱికొన్ని క్రొత్త రకములు బయటపడినవి. ఒక రకమునుండి కోలుకొనిన గొఱ్ఱెకు ఆ రకమునెడల మంచి రక్షణ ఏర్పడును. మఱియొక రకము వచ్చినపుడు ఆ రక్షణ చాలదు. నిరుడు లేచిన గొఱ్ఱె ఈయేడు పడుటకు కారణమిదియే.

రెండవ విశేషము. పట్వారీ లెక్కలకు నకలు వ్రాయువాడు త్వరలో అక్షరములు తప్పుచుండునట్లు, వైరసు నకళ్లలోను తప్పులు దొరలుచుండును. పెక్కు తప్పులు నిష్ప్రయోజనములు. ఏదో ఒకటి వైరసునకు మేలు చేసినచో ఆ నకలు వ్యాపించి తక్కినవానిని మించును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఒకే గొఱ్ఱెకు గాని, ఒకే దోమకు గాని రెండు రకముల వైరసులు ఏకకాలమున సోకినచో, క్రొత్తగా పుట్టు వైరసులలో ఒకదాని ముక్కలు కొన్ని, రెండవదాని ముక్కలు కొన్ని కలియవచ్చును. రెండు బండ్లు ఒకే రేవున దిగినపుడు బస్తాలు తారుమారైనట్లు ఇది జరుగును. అట్లు కలిసిన వైరసు పైపొర ఒక వంశముది, లోపలి లక్షణములు వేఱొక వంశమువి కావచ్చును. రోగతీవ్రత కొన్నిమార్లు పెరుగును, కొన్నిమార్లు తగ్గును.

దోమ

ఈ వైరసు సాధారణముగ గొఱ్ఱెనుండి గొఱ్ఱెకు తాకుడుచే అంటదు. క్యూలికాయిడిస్ అను మిక్కిలి చిన్నదోమ దీనిని మోయును. ఇది ఇంట తిరుగు దోమకంటె చాల చిన్నది. ప్రొద్దు గ్రుంకినది మొదలు తెల్లవాఱువఱకు ఎక్కువగ కుట్టును. పేడ కలిసిన తడిమట్టి, బురద, నీరు ఊరు గట్లు దీనికి పుట్టిల్లు. రోగముగల జీవము రక్తమును త్రాగిన దోమలో వైరసు కొన్ని దినములు పెరిగి, పిమ్మట అది కుట్టిన ప్రతి జీవమునకు ఎక్కును. దోమయే వైరసును మోయునని 1944లో దక్షిణాఫ్రికాయందు డుటాయిట్ అను పశువైద్యశాస్త్రజ్ఞుడు నిరూపించెను. వానలు కురిసి వాతావరణము వెచ్చగా నుండు కాలమున రోగము ప్రబలుటకును, ఎండలు ముదిరిన తరువాత తగ్గుటకును ఇదియే కారణము.

ఆవులు, ఎద్దులు, గేదెలు రోగలక్షణములు చూపకయే ఈ వైరసును రక్తమున కొన్ని వారములు, ఒక్కొకప్పుడు రెండు నెలలవఱకు, నిలుపుకొనగలవు. కాబట్టి గొఱ్ఱెల దొడ్డిలో రోగము లేకున్నంత మాత్రమున గ్రామమున వైరసు లేదని చెప్పరాదు.

ఒక్క టీకాతో నలువదియేండ్లు

వైరసు వంశమును ఎఱుగకపోవుటచే కలిగిన నష్టమునకు దక్షిణాఫ్రికా చరిత్రమే నిదర్శనము. పదునెనిమిదవ శతాబ్దము చివరను ఐరోపానుండి మెరీనో గొఱ్ఱెలను ఉన్నికై అచ్చటికి తెచ్చిరి. ఆఫ్రికాలోని అడవిజీవములు, స్థానికపు గొఱ్ఱెలు పెద్దగా బాధపడని వైరసు ఈ క్రొత్త గొఱ్ఱెలకు ప్రాణాంతకమయ్యెను. ఇరువదవ శతాబ్దపు మొదటి సంవత్సరములలో థైలర్ అను శాస్త్రజ్ఞుడు ఈ రోగకారకము వడపోతకు చిక్కనంత సూక్ష్మమైనదని చూపి, ఒక టీకాను తయారు చేసెను. ఆ టీకాను సుమారు నలువది సంవత్సరములు లక్షలాది గొఱ్ఱెలకు వేసిరి. ఐనను టీకా వేసిన మందలలో సైతము రోగము వచ్చుచునే యుండెను. టీకా చెడినదా, వేసినవారు పొరపడిరా యని సందేహములు పుట్టెను. 1948లో నైట్జ్ అను శాస్త్రజ్ఞుడు ఒక చోటి వైరసుచే కోలుకొనిన గొఱ్ఱెలకు వేఱు చోట్ల వైరసులను ఎక్కించి చూచెను. తొలి వైరసునకు లొంగని గొఱ్ఱెలు క్రొత్తవానికి లొంగినవి. రోగము పేరున ఒకటియైనను వైరసులు పెక్కు రకములని అప్పుడు స్పష్టమయ్యెను.

ఈ పాఠము ఐరోపాకు రెండుమార్లు తిరిగి చెప్పబడినది. 2006 ఆగస్టునందు నెదర్లాండ్సు, బెల్జియము, జర్మనీ దేశములు కలియు ప్రాంతమున 8వ రకము తలయెత్తినది. అంత ఉత్తరమున చలిదేశములకు ఈ రోగము రానేరదని అంతవఱకు తలచియుండిరి. ఆ దేశపు దోమలే దానిని మోసినవి. ఆ వైరసు గొఱ్ఱెలనే గాక ఆవులను కూడ బాధించి, గర్భమునందలి దూడలకును ప్రాకినది. 8వ రకమునకు టీకా తయారు చేసి, విరివిగ వేసి, దానిని అణచిరి. 2023 సెప్టెంబరునందు నెదర్లాండ్సున 3వ రకము కనబడినది. 8వ రకపు టీకా దానికి పనికిరాలేదు. 3వ రకమునకు తగిన టీకా 2024లో చేతికి వచ్చులోపల ఆ దేశమున వేలకొలది గొఱ్ఱెలు చచ్చినవి.

భారతదేశమున

భారతదేశమున ఈ రోగము 1964లో మహారాష్ట్రమున గుర్తింపబడినది. తొలిదినములలో విదేశములనుండి తెచ్చిన గొఱ్ఱెలయందును, వాని సంకరజాతులయందును రోగము ముఖ్యముగ కనబడుటచే, దేశవాళి గొఱ్ఱెలకు భయము లేదను నమ్మకము వ్యాపించెను. ఉత్తరభారతమున ఆ నమ్మకము కొంతవఱకు నిలిచినది. దక్షిణమున నిలువలేదు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు ప్రాంతములలో దేశవాళి గొఱ్ఱెలే మందలు మందలుగా రోగము పాలైనవి. 1997-98లో తమిళనాడును, పొరుగు ప్రాంతములను పట్టిన రోగము పెక్కు కుటుంబముల జీవనాధారమును తీసికొనిపోయెను.

దక్షిణమున ఇట్లు జరుగుటకు కారణములు కలిసియున్నవి. ఇచ్చట గొఱ్ఱెలు మిక్కుటము. వానితో పాటు ఆవులు, గేదెలు ఒకే చెఱువుక్రింద మేయును. సంవత్సరమున చాల నెలలు దోమకు అనుకూలము. అందుచే పెక్కు రకముల వైరసులు ఒకే ప్రాంతమున తిరుగుచున్నవి. భారతదేశమున ఇరువదికి పైగా రకముల జాడలు కనుగొనబడినవి. ఇన్ని రకములు ఒకచో తిరుగునపుడు వాని ముక్కలు కలియుటకును అవకాశ మెక్కువ. భారతదేశమున దొరకిన వైరసుల వ్రాతను చదివినపుడు కొన్ని తూర్పుదేశపు వంశమునకును, కొన్ని పడమటి దేశముల వంశమునకును చెందినట్లును, కొన్నింటియందు రెండు వంశముల ముక్కలును కలిసియున్నట్లును తేలినది. ఇచ్చట పట్టుబడిన 10వ రకపు వైరసు ఒకటి అమెరికాదేశమున టీకాకై వాడిన సజీవ వైరసుతో దాదాపు అక్షరాక్షరము సరిపోయినది. వైరసునకు సరిహద్దులు లేవు.

ఈ కారణముననే భారతదేశమున సజీవ వైరసు టీకాకు బదులు చంపిన వైరసుతో చేసిన టీకాను ఎంచుకొనిరి. సజీవ టీకాలోని వైరసును దోమ త్రాగి పొలమునకు కొనిపోయినచో అది స్థానిక వైరసుతో ముక్కలు మార్చుకొనవచ్చును. చంపిన వైరసునకు ఆ శక్తి లేదు. ఈ శతాబ్దపు రెండవ దశకమున వెలువడిన భారతీయ టీకాలో 1, 2, 10, 16, 23 అను ఐదు రకములు చేర్చబడినవి.

గొఱ్ఱె వంశము

ఇక రెండవ ప్రక్షమును చూడవలెను. గొఱ్ఱె శరీరనిర్మాణమును నిర్ణయించు జన్యువులు సగము తల్లినుండి, సగము తండ్రినుండి వచ్చును. కొమ్ము, రంగు, చెవి పొడవు వలెనే రోగమును ఎదుర్కొను విధము కూడ ఇట్లే వచ్చును. మెరీనో గొఱ్ఱెలు, ఐరోపా మాంసపుజాతులు నీలినాలుకకు త్వరగా లొంగును. ఆఫ్రికా, ఆసియాలోని పెక్కు స్థానికజాతులు వానికంటె తాళగలవు. కాని దక్కను నల్లగొఱ్ఱెయు, నెల్లూరు గొఱ్ఱెలోని జోడిపి, పల్ల, దొర అను భేదములును దేశవాళివే యైనను దక్షిణభారతమున రోగబాధ తప్పించుకొనలేదు. దేశవాళి యను మాట కొంత ఆధారమే గాని అభయపత్రము కాదు.

మేలైన వంశపు జీవము సైతము మండుటెండలో, మేత లేక, పురుగుల బాధతో నుండినచో లొంగును. దూరప్రయాణముచే అలసినదియు అంతే. జున్నుపాలు చక్కగా త్రాగిన పిల్లకు తల్లి రక్షణ మొదటి రెండుమూడు నెలలు తోడుండును. ఇవి వంశమునకు సంబంధింపని భేదములు. రోగము తగిలిన మందను పరిశీలించునపుడు వీనిని విడదీసి చూడవలెను.

ఆరోగ్యముగా కనబడు పొట్టేళ్లు

వంశభేదమును గమనింపక క్రొత్త పొట్టేళ్లను తెచ్చుటవలన కలుగు ముప్పునకు ఐస్లాండు దేశపు చరిత్రము గొప్ప హెచ్చరిక. ఆ ద్వీపమున వందల సంవత్సరములు బయటి గొఱ్ఱెలతో కలియక ఒకే జాతి పెరిగినది. 1933లో మందలను బాగుచేయు తలంపుతో జర్మనీలోని హాలె నగరమునుండి ఇరువది కారకుల్ గొఱ్ఱెలను తెప్పించిరి. అవి చూపునకు నిండారోగ్యముతో నుండెను. వానిని కొంతకాలము విడిగా ఉంచి, పిమ్మట రైతులకు పంచిరి. కొన్ని సంవత్సరములకు ఐస్లాండు గొఱ్ఱెలు రొప్పుచు, చిక్కిపోవుచు చావసాగెను. కారకుల్ గొఱ్ఱెల రక్తమున దాగియుండిన మేడి అను ఊపిరితిత్తుల రోగపు వైరసు అందులకు ఒక కారణము. కారకుల్ గొఱ్ఱెకు అది అలవాటైన బాధ. ఐస్లాండు గొఱ్ఱెకు మృత్యువు. ఆ రోగము సోకిన తరువాత బయటపడుటకు సంవత్సరములు పట్టును గనుక విడిగా ఉంచిన కొలదికాలము చాలలేదు. లక్షకు పైగా గొఱ్ఱెలు చచ్చినవి. తుదకు ప్రాంతములకు ప్రాంతములే మందలను వధించి, శుభ్రమైన ప్రాంతములనుండి గొఱ్ఱెలను తెచ్చి నింపవలసి వచ్చెను. చివరి మేడిరోగపు గొఱ్ఱె 1965లో కనబడినది.

అదే వంశపు వైరసు అమెరికాయందును గలదు. అచ్చటి శాస్త్రజ్ఞులు 2012లో ఒక విశేషమును ప్రకటించిరి. గొఱ్ఱెలోని ఒక జన్యువున ఒక్క చోట మార్పుగల జీవములకు, ఆ మార్పు తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చినచో, ఈ వైరసు చాల తక్కువగ సోకుచున్నది. రక్తపరీక్షచే అట్టి పొట్టేళ్లను ఎన్నుకొని మందను మెల్లగా మార్చవచ్చునని ఆశ కలిగెను. 2013లో మఱియొక సంగతి తెలిసినది. వైరసు వంశవృక్షమును పరిశీలింపగా దానిలోని ఒక శాఖ, నిరోధశక్తి గలవని తలచిన ఆ గొఱ్ఱెలనే ఆశ్రయించుటకు అలవడియున్నదని తేలెను. గొఱ్ఱె తలుపు మూసినది. వైరసులో ఒక శాఖ వేఱొక ద్వారమును వెదకుకొన్నది.

వరి పండించు రైతునకు ఇది వింతగా తోపదు. అగ్గితెగులును తట్టుకొనునని పేరుపడిన వంగడము కొన్ని యేండ్లు బాగుగా పండి, ఆ మీదట తానును మాడిపోవుట పలువురు చూచినదే. వంగడము మాఱలేదు, తెగులు మాఱినది. అంతమాత్రమున మంచి వంగడమును విడిచిపెట్టరు. మంచి విత్తనము, సకాలమందలి ఊడ్పు, పొలమును చూచుచుండుట అను మూడును కలిపి నడుపుదురు. మందయందును ఇదే నీతి. వంశము ఒక్కటియే రక్షింపదు, టీకా ఒక్కటియే రక్షింపదు.

రైతు చేయవలసిన పనులు

1. పొట్టేలును ఎన్నుకొనుట. ఇరువదియైదు ముప్పది ఆడగొఱ్ఱెలకు ఒక పొట్టేలు చొప్పున కట్టుదురు గనుక ఆ యేటి పిల్లలన్నిటికి సగము వంశము ఆ ఒక్కదానినుండియే వచ్చును. బరువును, ఎత్తును మాత్రమే చూచి కొనరాదు. రోగము నడచిన మందలో నిలిచిన తల్లికి పుట్టి, ఆ ప్రాంతపు వానకు ఎండకు అలవాటుపడిన పొట్టేలు మేలు. ఒకే పొట్టేలును పలు సంవత్సరములు దాని కూతుళ్లపైననే కట్టరాదు. మందయందలి జీవములన్నియు ఒకే అచ్చున పోసినట్లున్నచో ఒక వైరసు అన్నిటిని ఒకేసారి పడగొట్టగలదు.

2. గుర్తులు, లెక్క. రోగము వచ్చిన యేట ఏ గొఱ్ఱె పడినది, ఏది లేచినది, ఏది జ్వరము లేక నిలిచినది అను మూడు సంగతులను చెవిగుర్తులతో వ్రాసికొనవలెను. డబ్బు అవసరమునకు అమ్మునపుడు నిలిచిన గొఱ్ఱెలనే మొదట అమ్ముట కలదు, ఏలయనగా వానికి ధర పలుకును. అట్లు చేసినచో మందలోని మంచి విత్తనమును సంతకు పంపినట్లగును. ఐతే ఒక యేటి లెక్కనుబట్టి తీర్పు చెప్పరాదు. నిరుటి రోగముచే కలిగిన రక్షణను వంశబలముగా పొరపడవచ్చును. రెండుమూడు ఈతల పిల్లలను చూచి నిర్ణయింపవలెను.

3. క్రొత్త జీవములను కలుపుట. 2017లో తెలంగాణమున ఆరంభింపబడిన గొఱ్ఱెల పంపిణీయందు ఇరువది ఆడగొఱ్ఱెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్టుగా ఇచ్చుచు, పొరుగు రాష్ట్రములనుండి జీవములను తెచ్చిరి. ఇట్లు దూరమునుండి వచ్చు జీవములు అచ్చటి వైరసులను తేవచ్చును. ఇచ్చటి వైరసులకు తాము లొంగనువచ్చును. కావున వచ్చిన జీవములను మూడు నాలుగు వారములు పాతమందకు దూరముగ ఉంచి, వీలైనచో రక్తపరీక్ష చేయించి, టీకా వేయించి కలుపవలెను. వానకాలపు నడుమ కొనుటకంటె ఎండలు ముదిరిన దినములలో కొనుట మేలు, ఏలయనగా దోమ అప్పుడు తక్కువ.

4. టీకా. వానలకు ముందే, రోగము గ్రామమున లేనపుడే వేయింపవలెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్న ఫలము లేదు. మొదటి యేట పశువైద్యుడు చెప్పిన గడువున రెండవ మోతాదును మఱువరాదు. టీకా వేసిన మందలో రోగము కనబడినచో దానిని దాచక వెంటనే తెలుపవలెను. టీకాలో లేని రకము గ్రామమున ప్రవేశించినదేమో తెలిసికొనుటకు అదియే మార్గము.

5. దొడ్డి. మందను వరిమళ్ల గట్లమీదను, చెఱువు తూముల దగ్గఱను రాత్రి కట్టరాదు. ఎత్తైన పొడినేలను ఎన్నుకొనవలెను. పేడకుప్పలను దొడ్డికి దూరముగ నుంచవలెను. ప్రొద్దుగ్రుంకు వేళ వేపాకు పొగ వేయుట ఆచారముగ నున్నచో దానిని విడువరాదు. పశువైద్యుడు సూచించిన దోమమందును చల్లవలెను. తెల్లవాఱుకమునుపే మేతకు తోలుట తగదు.

6. రోగము తగిలిన జీవము. వైరసును చంపు మందు లేదు. సేవయే ప్రధానము. జీవమును నీడలో నుంచవలెను. ఎండ ఈ రోగమును పెంచును. నోటిని పొటాషియం పర్మాంగనేటు కలిపిన పలుచని లేతగులాబిరంగు నీటితో కడిగి, బోరిక్ పొడిని గ్లిజరినుతో కలిపి పుండ్లకు పూయవలెను. గట్టిమేత తినలేదు గనుక గంజి, లేతగడ్డి, మెత్తని ఆకు పెట్టవలెను. ఊపిరితిత్తులు చెడకుండుటకు వైద్యుని సలహాపై మందులు ఇప్పించవలెను. వానతడిసిన నేలపై పడుకొననీయరాదు.

7. రక్తపు నమూనా. జ్వరము వచ్చిన మొదటి దినములలో తీసిన రక్తమునందే వైరసు సులభముగ దొరకును. ఒకటి రెండు జీవములు పడగానే పశువైద్యశాలకు తెలిపినచో ఏ రకమో తేల్చుట సాధ్యము. సగము మంద చచ్చిన పిదప తెలిపిన రైతు తన మందను పోగొట్టుకొనుటయే కాక, ముందటి టీకాలో ఏ రకములు ఉండవలెనో నిర్ణయించు ఆధారమును కూడ పోగొట్టును.

రైతు మహాశయులారా, నేల గుణమును, విత్తనపు గుణమును ఎఱిగి సేద్యము చేయుట తాతల కాలమునుండి వచ్చుచున్న విద్య. అట్లే గొఱ్ఱె గుణమును, దానికి పట్టు వైరసు గుణమును ఎఱిగి మందను పెంచుట ఈ కాలమునకు తగిన విద్య. వైరసు యేటికేడు మాఱుచుండును. దానిని కనిపెట్టుచుండు పని ప్రయోగశాలది. మొదటి జ్వరమును గుర్తించు పని కాపరిది. లెక్క వ్రాసి, పొట్టేలును ఎన్నుకొని, వానలకు ముందు టీకా వేయించు పని రైతుది. ఈ మూడింటిలో ఏది లోపించినను తక్కిన రెండును వ్యర్థమగును. వచ్చు వానకాలమునకు ముందే ప్రతి రైతును తన మందను ఒకమారు దగ్గఱనుండి చూచి, నిరుటి లెక్కను కాపరిని అడిగి తెలిసికొని, చెవిగుర్తుల పనిని ఆరంభించుట క్షేమకరము.